సంతకానికి ముందు మాట
అమెరికా రాష్ట్రాల గర్భస్రావ సమ్మతి చట్టాలు – పెరినేటల్ హాస్పిస్ సమాచారం

ఆపరేషనుకు ముందు ఆస్పత్రిలో ఒక కాగితం తెచ్చి "ఇక్కడ సంతకం చెయ్యండి" అంటారు. చదివి చేసేవారు తక్కువ. అడిగి చేసేవారు ఇంకా తక్కువ. ఆ సంతకానికి విలువ ఎక్కడినుంచి వస్తుంది? చేతి రాతనుంచా, లేక సంతకానికి ముందు రోగి చెవిన పడిన మాటనుంచా? న్యాయశాస్త్రం రెండోదాన్నే ఒప్పుకుంటుంది. తెలిసి ఇచ్చిన సమ్మతే సమ్మతి. తెలియక ఇచ్చింది వట్టి సిరా మరక.

అంతవరకు ఎవరికీ పేచీ లేదు. పేచీ వచ్చేది తరువాతి ప్రశ్న దగ్గర. ఆ మాట ఏమిటో ఎవరు నిర్ణయించాలి? వైద్యం తెలిసిన డాక్టరా? ప్రశ్న అడిగే రోగా? లేక శాసనసభలో కూర్చున్న సభ్యులా? ఈ ప్రశ్న అమెరికాలో గర్భస్రావం విషయంలో లేచినంత తీవ్రంగా మరెక్కడా లేవలేదు. అందులోనూ ఒక చిన్న భాగం ఉంది. కడుపులో బిడ్డ బతకదని తేలినప్పుడు, గర్భస్రావానికి ముందు "పెరినేటల్ హాస్పిస్" అనే సేవ గురించి తల్లికి చెప్పి తీరాలని కొన్ని రాష్ట్రాలు చట్టం చేశాయి. ఈ చిన్న నిబంధనను పట్టుకుని చూస్తే సమ్మతి అనే పెద్ద సూత్రంలోని బలమూ బలహీనతా రెండూ కనబడతాయి. ఈ వ్యాసం ఉద్దేశం అదే.

సమ్మతి సూత్రం ఎలా పెరిగింది?

వయసు వచ్చి, మతి స్థిమితంగా ఉన్న ప్రతి మనిషికీ తన శరీరాన్ని ఏంచెయ్యాలో తేల్చుకునే హక్కు ఉందని 1914లో న్యూయార్కు న్యాయమూర్తి కార్డోజో ఒక తీర్పులో చెప్పాడు. అప్పటికి అది "నన్ను అడక్కుండా కొయ్యకూడదు" అన్నంతవరకే. 1957లో కాలిఫోర్నియా కోర్టు ఒకటి ఇంకో మెట్టు ఎక్కి, అడిగితే చాలదు, తెలియజెప్పి అడగాలి అంది. 1972లో వాషింగ్టను నగరంలోని ఫెడరల్ అప్పీలు కోర్టు కాంటర్‌బరీ కేసులో అసలు కొలబద్దనే మార్చేసింది. ఎంత చెప్పాలన్నది డాక్టర్ల అలవాటును బట్టి కాదు, రోగి స్థానంలో ఉన్న ఒక వివేకవంతుడికి ఏం తెలియాలో దాన్నిబట్టి తేల్చాలి అంది.

ఇక్కడ ఒక సంగతి గమనించండి. ఈ మూడు మెట్లూ రోగి చేతికి బలమిచ్చినవే. డాక్టరు ఏదో దాచిపెడతాడేమోనన్న భయంనుంచి పుట్టిన సూత్రం ఇది. ప్రభుత్వం తాను అనుకున్నది చెప్పించడానికి దీన్ని వాడుకోవచ్చునని అప్పటికి ఎవరూ పెద్దగా ఆలోచించలేదు.

డాక్టరు నోట చట్టం మాట

1973 జనవరి 22న రో వర్సెస్ వేడ్ తీర్పు వచ్చింది. గర్భస్రావ నిర్ణయం రాజ్యాంగం కాపాడే హక్కు అని అమెరికా సుప్రీంకోర్టు 7–2 మెజారిటీతో అంది. దానితో గర్భస్రావాన్ని పూర్తిగా నిషేధించడం రాష్ట్రాలకు వీలుకాలేదు. నిషేధించలేనప్పుడు నియంత్రించాలి. ఆ నియంత్రణకు దొరికిన దారుల్లో సమ్మతి ఒకటి.

1976లో మిస్సోరీ చట్టం మీద వచ్చిన డాన్‌ఫర్త్ కేసులో, స్త్రీ రాతపూర్వకంగా సమ్మతి ఇవ్వాలనడం తప్పుకాదని సుప్రీంకోర్టు అంది. భర్త సమ్మతి కావాలన్న నిబంధనను మాత్రం కొట్టేసింది. 1983లో ఒహాయోలోని యాక్రన్ నగర శాసనం కోర్టు ముందుకు వచ్చింది. గర్భం ధరించిన క్షణంనుంచే అది మానవ జీవి అని డాక్టరు చెప్పాలనీ, ఆ తరవాత 24 గంటలు ఆగాలనీ అందులో ఉంది. కోర్టు ఒప్పుకోలేదు. ఇది తెలియజెప్పడం కాదు, మనసు మార్చే ప్రయత్నం అన్నది తీర్పు సారాంశం. 1986లో పెన్సిల్వేనియా చట్టానికీ థార్న్‌బర్గ్ కేసులో అదే గతి పట్టింది.

ఐతే పెన్సిల్వేనియా ఊరుకోలేదు. చట్టాన్ని 1988, 1989లలో మళ్ళీ సవరించింది. దాని ప్రకారం కనీసం 24 గంటల ముందు డాక్టరు స్త్రీకి చెప్పవలసినవి ఇవి: చేయబోయే పని స్వభావం, గర్భస్రావం వల్లా ప్రసవం వల్లా ఉండే ప్రమాదాలు, గర్భానికి ఎన్ని వారాలు నిండాయన్నది. వీటికి తోడు రాష్ట్రం అచ్చువేసిన పుస్తకం ఒకటి ఉందనీ, పిండం ఎదుగుదల, ప్రసవ ఖర్చులకు సహాయం, తండ్రి ఇవ్వవలసిన పోషణ, దత్తత సంస్థలు మొదలైన వివరాలు అందులో ఉన్నాయనీ చెప్పాలి. కావాలంటే చూడవచ్చు, వద్దంటే మానవచ్చు. ఈ మాటలు చెబితే రోగి ఆరోగ్యానికి తీవ్రమైన హాని కలుగుతుందని డాక్టరు సహేతుకంగా నమ్మితే చెప్పకుండా వదిలెయ్యడానికి కూడా వీలుంది.

1992 జూన్ 29న కేసీ తీర్పులో సుప్రీంకోర్టు ఈ భాగాన్ని నిలబెట్టింది. ఓకానర్, కెన్నెడీ, సూటర్ అనే ముగ్గురు న్యాయమూర్తులు ఉమ్మడిగా రాసిన అభిప్రాయం ఇందులో ముఖ్యమైనది. రాష్ట్రం ప్రసవం వైపే మొగ్గు చూపవచ్చు. చెప్పించే సమాచారం నిజమైనదీ, తప్పుదోవ పట్టించనిదీ ఐనంతవరకు తప్పులేదు. స్త్రీ దారిలో "అనుచిత భారం" మాత్రం పెట్టకూడదు అని వారు తేల్చారు. భర్తకు తెలియజేయాలన్న నిబంధన ఆ పరీక్షలో నెగ్గలేదు. ఆనాటినుంచి రాష్ట్రాలకు తలుపు తెరుచుకుంది. ఒకదాని తరువాత ఒకటి "స్త్రీకి తెలుసుకునే హక్కు" అన్న పేరుతో చట్టాలు చేశాయి.

పేరు బాగానే ఉంది. లోపలి సరుకు అన్నిచోట్లా ఒకటి కాదు. కొన్ని రాష్ట్రాల పుస్తకాలు గర్భస్రావానికీ రొమ్ము క్యాన్సరుకూ సంబంధం ఉండవచ్చునన్నట్టు రాశాయి. అటువంటి సంబంధం లేదని 2003లోనే అమెరికా జాతీయ క్యాన్సర్ సంస్థ పిలిచిన శాస్త్రజ్ఞుల సమావేశం తేల్చింది. టెక్సాస్ 2011 చట్టం డాక్టరు స్కానింగు చేసి, అందులో కనిపించేది స్త్రీకి వర్ణించి చెప్పాలంది. 2012లో అయిదో సర్క్యూట్ అప్పీలు కోర్టు దాన్ని సరే అంది. ఇంచుమించు అటువంటి నార్త్ కరోలినా చట్టాన్ని 2014లో నాలుగో సర్క్యూట్ కోర్టు కొట్టేసింది. డాక్టరు నోటిని రాష్ట్రం తన ప్రచారానికి వాడుకోరాదన్నది ఆ కోర్టు అభిప్రాయం. ఒకే దేశం, ఒకే రాజ్యాంగం, రెండు తీర్పులు!

పెరినేటల్ హాస్పిస్ అంటే ఏమిటి?

హాస్పిస్ అన్న మాట మనకు ఇప్పుడిప్పుడే అలవాటవుతోంది. నయంకాని జబ్బుతో ఉన్న మనిషికి, చివరి రోజుల్లో నొప్పి తగ్గించి, మనుషుల మధ్య గౌరవంగా వెళ్ళిపోయేటట్టు చూసే సేవ అది. 1967లో లండనులో సిసిలీ సాండర్స్ స్థాపించిన సెంట్ క్రిస్టఫర్స్ హాస్పిస్ ఆధునిక హాస్పిస్ ఉద్యమానికి పునాది. అదే ఆలోచనను ఇంకా పుట్టని బిడ్డకు వర్తింపజేస్తే పెరినేటల్ హాస్పిస్ అవుతుంది. హోల్ట్‌కీ, కాల్హూన్ అనే ఇద్దరు అమెరికన్ వైద్యులు 2001లో ప్రసూతి వైద్య పత్రికలో రాసిన వ్యాసంతో ఈ మాటకు ప్రచారం వచ్చింది.

ఐదో నెలలో చేసే స్కానింగులో ఒక్కొక్కప్పుడు గుండె జారిపోయే సంగతి తెలుస్తుంది. పుర్రె పైభాగమూ మెదడులో ఎక్కువ భాగమూ ఏర్పడని స్థితి ఒకటి. దీన్ని అనెన్‌సెఫలీ అంటారు. రెండు మూత్రపిండాలూ లేకపోవడం ఇంకొకటి. అప్పుడు ఉమ్మనీరు ఉండదు, ఊపిరితిత్తులు పెరగవు. పద్దెనిమిదో క్రోమోజోము మూడు ప్రతులు ఉండే ట్రైసమీ 18 మరొకటి. మొదటి రెండింటిలో ప్రాణంతో పుట్టినా సాధారణంగా గంటలూ రోజుల లెక్కే. మూడోదానిలో బతికి పుట్టినవారిలో నూటికి అయిదునుంచి పదిమంది వరకు మొదటి పుట్టినరోజు చూస్తారు. అందుకే "బతకడానికి వీలుకాని లోపం" అని చట్టంలో రాసినంత తేలికగా వైద్యంలో గీత గీయడం కుదరదు.

గర్భం కొనసాగించాలని తల్లిదండ్రులు నిర్ణయించుకుంటే ఈ సేవ ఆ రోజునుంచే మొదలవుతుంది. దీనికి వేరే భవనం అక్కర్లేదు. ప్రసూతి వైద్యులు, శిశు వైద్యులు, నర్సులు, సోషల్ వర్కరు, కావాలంటే మత గురువు కలిసి ఒక జట్టుగా పనిచేస్తారు. ప్రసవం ఎలా జరగాలి, బిడ్డకు గొట్టాలు పెట్టాలా వద్దా, ఎవరు ఎత్తుకోవాలి, పేరు పెట్టడం, తమ మతాచారం ప్రకారం చేయవలసినవి – ఇవన్నీ ముందే మాట్లాడుకుని రాసిపెడతారు. పుట్టాక బిడ్డను వెచ్చగా ఉంచుతారు. నొప్పి ఉంటే మందు ఇస్తారు. తల్లి గుండెల మీద పడుకోబెడతారు. ఫోటో తీస్తారు, పాదముద్రలు తీసి ఇస్తారు. బిడ్డ పోయాక ఆ కుటుంబాన్ని వదిలెయ్యరు.

ఇది మంచి సేవ. అందులో సందేహం లేదు. అమెరికా ప్రసూతి వైద్యుల కళాశాల 2019లో ఇచ్చిన అభిప్రాయంలో కూడా, బతుకు కష్టమని తేలినప్పుడు గర్భస్రావంతోపాటు దీన్ని కూడా ఒక మార్గంగా తల్లిదండ్రుల ముందు పెట్టాలని ఉంది.

చట్టంలోకి ఎలా వచ్చింది?

మిన్నెసోటా 2003లో తెలుసుకునే హక్కు చట్టం చేసింది. 2006లో దానికి పెరినేటల్ హాస్పిస్ నిబంధన చేర్చింది. బిడ్డ బతకని లోపం ఉందని తేలితే, గర్భస్రావానికి ముందు, అందుబాటులో ఉన్న హాస్పిస్ సేవల గురించి చెప్పి, దాన్ని ప్రత్యామ్నాయంగా చూపాలి. అరిజోనా 2012లో ఇటువంటిదే చేసింది. ఇండియానా 2016లో చేసిన చట్టంలో రాష్ట్ర ఆరోగ్య శాఖ ఒక కరపత్రం తయారు చెయ్యాలనీ, డాక్టరు దాన్ని తల్లికి ఇవ్వాలనీ ఉంది. అప్పటి గవర్నరు మైక్ పెన్స్ సంతకం చేసిన ఆ చట్టంలోనే, బిడ్డకు వైకల్యం ఉందన్న కారణంతో గర్భస్రావం చేయరాదన్న నిషేధం కూడా ఉంది. ఆ నిషేధాన్ని కింది కోర్టులు ఆపేశాయి. 2019లో సుప్రీంకోర్టు ఆ భాగంలో జోక్యం చేసుకోలేదు.

ఈ చట్టాలను సమర్థించేవారి వాదన తేలికగా తోసిపారేసేది కాదు. స్కానింగు గదిలో పిడుగులాంటి కబురు విన్న తల్లికి చాలాసార్లు ఒక్క దారే చూపిస్తారు. ఇంకో దారి ఉందని చెప్పే ఓపిక ఆ రోజు ఎవరికీ ఉండదు. బిడ్డతో ఒక్క గంటైనా గడపాలనుకునే తల్లి, అది సాధ్యమని తెలియకనే గర్భస్రావానికి ఒప్పుకుంటే అది తెలిసి ఇచ్చిన సమ్మతి ఎలా అవుతుంది? కాంటర్‌బరీ కొలబద్దతో కొలిచినా ఈ ప్రశ్న న్యాయమైనదే.

ఎదుటివారి వాదనా అంతే బరువైనది. ఈ గర్భాల్లో చాలా భాగం కోరి కన్న కలలు. ఆ తల్లి అప్పటికే డాక్టర్లతో, ఇంటివారితో, తనతో తాను మాట్లాడుకుని ఒక నిర్ణయానికి వచ్చి ఉంటుంది. ఆమెకు మళ్ళీ ఒక రాష్ట్ర ముద్ర ఉన్న కాగితం చదివి వినిపించి, ఇంకో 24 గంటలు ఆగి రమ్మనడం ఓదార్పా, దండనా? చెప్పేవాడికి వినేవాడు లోకువ అన్న సామెత ఇక్కడ గుర్తుకొస్తుంది. పైగా కరపత్రంలో పేరున్న సేవ ఆమె ఊరికి 200 మైళ్ళ దూరంలో ఉంటే? దాని ఖర్చు ఇన్సూరెన్సు ఇవ్వనంటే? చట్టం మాట చెప్పమంది గాని, సేవను ఏర్పాటు చెయ్యమనలేదు గదా!

నా దృష్టిలో ఈ రెండు వాదనలూ కలిసే చోటు ఒకటుంది. సమాచారం నిజం కావాలి. ఉన్న మార్గాలన్నిటి గురించీ చెప్పాలి. చెప్పిన సేవ చెయ్యి చాపితే అందాలి. వినను అన్నవారిని నిర్బంధించకూడదు. ఈ నాలుగూ ఉంటే హాస్పిస్ సమాచారం తల్లికి బలం. ఏ ఒక్కటి లోపించినా అది భారమవుతుంది. వీటన్నిటికీ అడుగున అయిదోది ఒకటుంది. దాన్ని చాలాకాలం ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. అది 2022లో బయటపడింది.

2022 తరువాత

2022 జూన్ 24న డాబ్స్ తీర్పులో సుప్రీంకోర్టు రో తీర్పునూ కేసీ తీర్పునూ రద్దుచేసింది. గర్భస్రావ హక్కు రాజ్యాంగంలో లేదంది. విషయం రాష్ట్రాలకు వెళ్ళింది. అప్పటినుంచి రాష్ట్రాలు రెండు వైపులకు విడిపోయాయి.

మిన్నెసోటా ఒక వైపు. అక్కడ 2022 జూలైలో ఒక జిల్లా కోర్టు తెలుసుకునే హక్కు చట్టంలోని నిబంధనలు రాష్ట్ర రాజ్యాంగానికి విరుద్ధమంది. 2023లో శాసనసభ ఆ చట్టాన్నే ఎత్తివేసింది. దానితో 2006నాటి హాస్పిస్ నిబంధన కూడా పోయింది. ఇక డాక్టరు తన వృత్తి ధర్మం కొద్దీ చెప్పవలసిందే.

ఇండియానా మధ్యలో నిలబడింది. 2022లో దాదాపు పూర్తి నిషేధం తెచ్చినా, బిడ్డ బతకని లోపానికి ఫలదీకరణ నుంచి లెక్కించి 20 వారాల వరకు మినహాయింపు ఉంచింది. కాని లోపం బయటపడేది ఎప్పుడు? సాధారణంగా 18నుంచి 20 వారాల మధ్య జరిగే స్కానింగులో. కబురు విన్న రోజుకీ గడువు ముగిసే రోజుకీ మధ్య ఎక్కువ సమయం ఉండదు. ఆలోచించుకోవడానికి సమయం ఇవ్వాలన్న పేరుతో మొదలైన చట్టాల చరిత్రలో ఇది విచిత్రమైన మలుపు.

టెక్సాస్ మూడో వైపు. 2021 సెప్టెంబరు 1న అమలైన చట్టం సుమారు ఆరు వారాల తరువాత గర్భస్రావాన్ని ఆపేసింది. 2022లో నిషేధం ఇంచుమించు పూర్తయింది. తల్లి ప్రాణానికో ముఖ్యమైన శరీర ధర్మానికో ముప్పు ఉంటే తప్ప, బిడ్డ బతకదన్న కారణానికి అందులో మినహాయింపు లేదు. 2023 డిసెంబరులో ట్రైసమీ 18 ఉన్న గర్భం విషయంలో ఒక తల్లి కోర్టుకెక్కితే, టెక్సాస్ సుప్రీంకోర్టు ఆమెకు అనుకూలంగా తీర్పు ఇవ్వలేదు. ఆమె వేరే రాష్ట్రానికి వెళ్ళవలసి వచ్చింది. 2024లో జామా పీడియాట్రిక్స్ అనే వైద్య పత్రికలో వచ్చిన పరిశోధన ప్రకారం టెక్సాస్‌లో ఏడాది లోపు శిశు మరణాలు 2021లో 1,985 ఉంటే 2022లో 2,240 అయ్యాయి. పుట్టుకతో వచ్చిన లోపాల వల్ల జరిగిన మరణాలు 22.9 శాతం పెరిగాయి. మిగతా దేశంలో అవే మరణాలు 3.1 శాతం తగ్గాయి.

ఇప్పుడు ఆలోచించండి. ఇటువంటి రాష్ట్రంలో తల్లి చేతికి హాస్పిస్ కరపత్రం ఇచ్చారనుకోండి. సేవ అదే. మాటలు అవే. నర్సు చేతిలోని దయ కూడా అదే. కాని అర్థం మారిపోయింది. రెండు దారులున్నప్పుడు అది ఎంపిక. ఒక దారికి గోడ కట్టేశాక అదే కాగితం వట్టి కబురు. సమ్మతి అనే మాటలో "కాదు" అనే అవకాశం కూడా ఇమిడి ఉంది. కాదనడానికి వీల్లేనిచోట "సరే" అన్న మాటకు న్యాయశాస్త్రంలో సమ్మతి అని పేరు పెట్టలేం. నేను చెప్పిన అయిదో షరతు ఇదే. ఇది హాస్పిస్ వ్యతిరేకుల మాట అనుకోవద్దు. ఆ సేవను ప్రేమించేవారికే ఇది ఎక్కువ అవసరం. తాను ఎంచుకుని ఆ దారిన నడిచిన తల్లికి దక్కే నిబ్బరం, నెట్టబడిన తల్లికి దక్కుతుందా?

మనకెందుకు ఈ గొడవ?

ఎందుకంటే డల్లాస్, హ్యూస్టన్, ఆస్టిన్ నగరాల్లో మనవాళ్ళు వేలమంది కాపురాలున్నారు. మన కాలేజీల్లో చదివినవారు అక్కడ డాక్టర్లుగా, నర్సులుగా ఉన్నారు. కడుపుతో ఉన్న కూతురి పురిటికని ఇక్కడినుంచి విమానం ఎక్కే తల్లులున్నారు. ఏ రాష్ట్రంలో ఉంటే ఆ రాష్ట్ర చట్టమే వర్తిస్తుంది. పాస్‌పోర్టు ఏ దేశానిదన్నది ఇందులో లెక్కకు రాదు.

మన చట్టం దారి వేరు. 1971నాటి గర్భస్రావ చట్టం ప్రకారం స్త్రీ సమ్మతి లేనిదే గర్భస్రావం చేయకూడదు. మేజరైన స్త్రీ విషయంలో భర్త సమ్మతి చట్టం అడగదు. 2021 సవరణతో, బిడ్డకు తీవ్రమైన లోపం ఉందని మెడికల్ బోర్డు తేల్చితే 24 వారాల పరిమితి అడ్డురాదు. డాక్టరు ఏ మాటలు చెప్పాలో మన చట్టం రాసిపెట్టలేదు. 2008లో సమీరా కోహ్లీ కేసులో మన సుప్రీంకోర్టు అమెరికా కొలబద్దను పరిశీలించి, దాన్ని పూర్తిగా తీసుకోకుండా, తగినంత సమాచారం ఇచ్చి పొందే "నిజమైన సమ్మతి" చాలునంది. 1994నాటి లింగ నిర్ధారణ చట్టం ఐతే కడుపులో ఉన్నది ఆడో మగో చెప్పనే కూడదంటుంది. చూశారా! అక్కడ చట్టం డాక్టరుచేత మాట్లాడిస్తే, ఇక్కడ ఒక విషయంలో నోరు మూయిస్తుంది. రెండు చోట్లా గది లోపలి సంభాషణలో ప్రభుత్వం మూడో మనిషిగా కూర్చుని ఉంది.

చట్టం రాసిపెట్టలేదు గనుక మన దగ్గర అంతా బాగుందనుకోనక్కర్లేదు. బిడ్డ బతకదని తెలిసిన తల్లికి మన ఆస్పత్రుల్లో ఎంతమంది కూర్చోబెట్టి చెబుతున్నారు? చెప్పేది ఆమెకా, గది బయట నిలబడ్డ అత్తగారికీ భర్తకా? కొనసాగిస్తానంటే ఆదుకునే జట్టు ఎక్కడుంది? ఈ ప్రశ్నలకు అమెరికా చట్టాల్లో జవాబు దొరకదు. కాని ఆ చట్టాల చరిత్ర చదివితే ఏ తప్పు దారులు తొక్కకూడదో మాత్రం తెలుస్తుంది.

రేపు మీలో కొందరు లాయర్లవుతారు. కొందరు డాక్టర్లవుతారు. కొందరు శాసనసభకు కూడా వెళ్ళవచ్చు. అందరూ ఏదో ఒక రోజు ఒక కాగితం మీద సంతకం పెడతారు, లేదా పెట్టించుకుంటారు. ఆ రోజున రెండు ప్రశ్నలు అడగండి. చెప్పవలసినదంతా చెప్పారా? కాదంటే కాదనడానికి దారి ఉందా? రెండింటికీ అవునని జవాబొస్తేనే కలం మూత తియ్యండి.